దక్కన్ పేరు మోసిన విమానములు

ఒక సంస్థ మరియొక సంస్థలో విలీనమైనప్పుడు ఆ సంగతి వ్రాయువారు మూలధనము ఎంత, విమానములు ఎన్ని, ఉద్యోగులు ఎందరు అని లెక్క చెప్పి విరమింతురు. ఆ విమానములలో ఏడాది పొడుగున తిరిగినవారి మాట ఆ లెక్కలలోనికి రాదు. వారు వాటాదారులు కారు, ఉద్యోగులు కారు. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవారు మాత్రమే. అయినను సంస్థ పేరు చెరిగిపోయిన దినమున ఎవరును అడుగకయే మనసు కష్టపెట్టుకొనువారు వారే. విమానము ఎవరిదైన నేమి, ఊరు చేర్చిన చాలదా అని నవ్వువారును కలరు. ఈ నవ్వునకు సమాధానము మా రాయచూరు వైపునుండి వెదకుట తగునని మాకు తోచినది. ఏలయనగా దక్కన్ అను పేరు ఆకాశమున మూడు పర్యాయములు ఎగిరినది. మొదటి రెండు పర్యాయములును విలీనముతోనే నేలకు దిగినది. ఆ రెంటితోను ఈ జిల్లాలోని తెలుగు కుటుంబములకు ఏదో యొక సంబంధము కలదు.

మొదటిది దక్కన్ ఎయిర్‌వేస్. 1945లో హైదరాబాదు సంస్థానమున ఏర్పడినది. దీనిలో ప్రధాన భాగస్వామి నిజాం ప్రభుత్వ రైల్వే. టాటావారి విమాన సంస్థ చేయి కలిపినది. రైలు కంపెనీ విమానములు నడపుట ఈ కాలపు చదువరికి వింతగా నుండవచ్చును. కాని ఆ రైల్వే అప్పటికే బస్సులు నడపుచుండెను. 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో అది ప్రారంభించిన రోడ్డు రవాణా శాఖయే నేటి తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వ బస్సులకు మూలపురుషుడు. పట్టాలమీద, బాటమీద, గాలిలో ఒకే యాజమాన్యము ప్రయాణికుని మోయవలెనన్నది ఆనాటి సంకల్పము. దేశములో ఇతర సంస్థానములు పలుచోట్ల ఏనుగుల అంబారీలకు ఖర్చు పెట్టుచున్న కాలమున ఇది చిన్న విషయము కాదు.

రాయచూరు అప్పుడు ఆ సంస్థానములోని జిల్లా. మా ఊరి రైలు మాత్రము నిజాము రైలు కాదు. 1871లో బొంబాయి నుండి వచ్చిన జి.ఐ.పి. మార్గమును, మద్రాసు నుండి వచ్చిన మద్రాసు రైల్వే మార్గమును కలిసికొన్నది ఇచ్చటనే. హైదరాబాదు పోవలెనన్న వాడి జంక్షను వరకు పోయి, అచ్చట నిజాం రైలు ఎక్కవలసి యుండెను. ఆ మార్గమున సికిందరాబాదు చేరకమునుపే బేగంపేట స్టేషను వచ్చును. విమానాశ్రయము దానికి దాపుననే. కనుక వాడిలో రైలు మారిన మన జిల్లావారు కొందరు బేగంపేటలో దిగి విమానమెక్కిరి. అట్టివారు ఎందరో యుండరు. మధ్యతరగతి గృహస్థునకు అది అందని మాట. వర్తకులు, వకీళ్లు, ఉన్నతోద్యోగులు, వైద్యము కొరకు త్వరపడువారు — అంతే.

ఆ విమానములు డకోటాలు. యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యములకు అక్కరలేక అగ్గువకు దొరకినవి. లోపల కూర్చుండువారు ఇరువదికి పైచిలుకు మాత్రమే. గాలి ఒత్తిడిని నిలుపు ఏర్పాటు లేనందున మిక్కిలి యెత్తునకు పోజాలవు. తక్కువ యెత్తున, తక్కువ వేగమున పోవుటచేత నేల అంతయు కన్నులకు కట్టును. హైదరాబాదునుండి బెంగుళూరు పోవువాడు కృష్ణను దాటుట చూచును, తుంగభద్రను దాటుట చూచును. ఇప్పటి విమానములలో మేఘము తప్ప మరేమియు కనబడదు. నది దాటినది లేనిది చెప్పుటకు ఒక తెర కావలెను.

ఇరువది మంది ప్రయాణికులలో నెలనెల వచ్చువాడు దాగజాలడు. ద్వారము కడ నున్నవానికి అతని పేరు తెలియును, అతనికి వీరి పేర్లు తెలియును. మమకారము పుట్టుటకు ఇంతకన్న గొప్ప కారణము వెదకనక్కరలేదు. ఆ సంస్థ చేసిన యొక పని మాత్రము ప్రత్యేకముగా చెప్పవలెను. 1947లో వాణిజ్య విమానచోదకురాలిగా అనుమతి పొందిన ప్రేమ్ మాథుర్‌కు పలు సంస్థలు ఉద్యోగము నిరాకరించినవి. స్త్రీ నడపుచున్నదని తెలిసిన ప్రయాణికులు ఎక్కరని వాటి వాదము. ఆమెను చేర్చుకొన్నది దక్కన్ ఎయిర్‌వేస్. ఎక్కరని ఇతరులు భయపడిన ప్రయాణికులు ఎక్కిరి. హైదరాబాదు విమానములలో తిరిగినవారు దీనిని తమ గొప్పగా చెప్పుకొనుటలో తప్పేమున్నది?

1953లో పార్లమెంటు విమాన సంస్థల జాతీయకరణ శాసనము చేసెను. ఆ యేడు ఆగస్టు 1వ తేదీన దక్కన్ ఎయిర్‌వేస్‌తో కూడ ఎనిమిది సంస్థల దేశాంతర్గత సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినవి. కొత్త సంస్థకు దక్కిన 99 విమానములలో 74 డకోటాలే. ఈ చర్యను ఒక్క మాటతో నిందించుట న్యాయము కాదు. యుద్ధానంతరము చౌక విమానములను చూచి లెక్కకు మించిన కంపెనీలు పుట్టి, ఒకదాని నష్టమును మరియొకటి పెంచుచుండెను. ఒకే సంస్థయైనచో లాభము లేని ఊళ్లకును విమానము పోగలదను వాదములో బలమున్నది. వాటాదారులకు శాసనము పరిహారమిచ్చినది. ఉద్యోగులకు కొలువు దొరకినది. ప్రేమ్ మాథుర్ కూడ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరినది. జె.ఆర్.డి. టాటా ఈ జాతీయకరణమునకు ఎంత నొచ్చుకొన్నదియు లోకవిదితము. ప్రయాణికుని నొప్పి మాత్రము ఏ కాగితముపైకి ఎక్కలేదు. అదే బేగంపేట, అదే డకోటా. రెక్కమీది పేరు మాత్రము వేరు, కంపెనీ పెద్దల కచ్చేరీ హైదరాబాదులో గాక ఢిల్లీలో. ఏమి పోయినదని అడిగిన చూపుటకు ఏమియు లేదు.

ఈ ప్రశ్న మాకు బాగుగ తెలిసిన ప్రశ్న. 1951 నవంబరులో జి.ఐ.పి. రైల్వేయు, నిజాం రైల్వేయు కలిసి సెంట్రల్ రైల్వే ఆయెను. 1953లో విమానము పేరు మారెను. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన వలన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరెను. గద్వాల, ఆలంపురము తాలూకాలు మాత్రము విడిపోయి ఆంధ్రప్రదేశమునకు పోయెను. అయిదేండ్లలో మా రైలు, మా విమానము, మా రాజధాని మూడును మారినవి. కన్నడసీమ మమ్ము పరాయివారిగ చూడలేదు. ఆ మాట ముందుగా చెప్పకున్న కృతఘ్నత యగును. ఇల్లు అదే, చేను అదే, కృష్ణ అదే. అయినను గద్వాలలోని మేనత్త ఇల్లు ఒక్క ఉదయమున పరరాష్ట్రమైనప్పుడు, ఏమి పోయినదని అడిగిన మా పెద్దలు ఏమని చెప్పగలరు? పేరు మారిన విమానమును తలచి నిట్టూర్చువానిని చూచి మేము నవ్వజాలకపోవుటకు కారణమిదే.

ఇక రెండవ దక్కన్. ఇది మాలో మరియొక తరగతివారి కథ. పైన చెప్పినవి సంస్థానకాలమునుండి ఇచ్చట నున్న కుటుంబములు. తుంగభద్ర ఆనకట్టనుండి నీరు వదలినది కూడ 1953లోనే. ఆ నీటివెంట కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి సింధనూరు, మాన్వి వైపుల భూములు కొని క్యాంపులు కట్టుకొనిరి. నల్లరేగడిలో వరి పండించిరి. పురిటికి, పెండ్లికి, కర్మకు కోస్తాకు పోయి రావలసినవారు వీరు. రెండు రైళ్లు, ఒక బస్సు, నిద్రలేని రాత్రి — ఇదే వీరి దారి.

2003 ఆగస్టులో కెప్టెన్ గోపీనాథ్ బెంగుళూరునుండి హుబ్బళ్లికి ఎయిర్ దక్కన్ మొదటి విమానమును నడిపించెను. మరుసటి నెలలో హైదరాబాదు నుండి విజయవాడకు సర్వీసు ప్రారంభించు దినమున ఒక యింజనుకు నిప్పంటుకొన్నది; లోపల వెంకయ్యనాయుడు ప్రభృతులు కూర్చుండియుండిరి; ఎవరికిని హాని కలుగలేదు. ఇట్టి అపశకునముతో బయలుదేరిన వ్యాపారము మన దేశమున నిలువరాదు. నిలిచినది. విజయవాడ, రాజమహేంద్రవరము, తిరుపతి వంటి ఊళ్లకు చిన్న ఏ.టి.ఆర్. విమానములు తిరిగినవి. ఒక రూపాయి టిక్కెట్టు అను మాట ఊరూర మ్రోగినది. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడు, ఆ గళ్ల కోటు ముసలాయన, దాని గుర్తయ్యెను.

దాని లోపములను దాచనక్కరలేదు. వేళకు రాదని దేశమంతట పేరుపడినది. నీళ్లు కూడ కొనుక్కొని త్రాగవలెను. బస్సులో వలె ముందు పోయినవానిదే కుర్చీ. తిట్టుకొనుచు ఎక్కిరి, తిట్టుకొనుచు దిగిరి, మరల దానినే ఎక్కిరి. జీవితములో మొట్టమొదట విమానమెక్కించినవాని తప్పులను జనము ఇంటివాని తప్పులుగ క్షమింతురు.

2007లో విజయ్ మాల్యా సంస్థ దీనిలో 26 శాతము వాటా కొన్నది. మరుసటి యేడు విలీనము జరిగినది. ఇచ్చట చరిత్రకారుడు ఆగి చూడవలసిన చమత్కారము ఒకటి యున్నది. దేశములో అయిదేండ్లు విమానములు నడిపిన సంస్థకే విదేశములకు పోవు అర్హత యని ఆనాటి నిబంధన. దక్కన్‌కు 2008 ఆగస్టుతో అయిదేండ్లు నిండినవి, కింగ్‌ఫిషర్‌కు నిండలేదు. అందుచేత కాగితముపై దక్కన్‌యే కింగ్‌ఫిషర్‌ను తనలో కలుపుకొని, పిమ్మట తన పేరును కింగ్‌ఫిషర్ అని మార్చుకొన్నది! 2008 సెప్టెంబరులో ఆ పేరుతో విమానము బెంగుళూరు నుండి లండనుకు పోయినది. మ్రింగినవాడు మాయమై మ్రింగబడినవాడు మిగిలిన విలీనము మేము మరియొకటి ఎరుగము. దక్కన్ విమానములకు కింగ్‌ఫిషర్ రెడ్ అని పేరు పెట్టిరి. పెద్దింటి కోడలై పోయి వంటయింటనే మిగిలిన పిల్ల స్థితి దానికి పట్టినది. 2011లో ఆ రెడ్‌ను మూసివేయ నిశ్చయించిరి. 2012 అక్టోబరులో పెద్దింటికే తాళము పడినది.

కింగ్‌ఫిషర్‌ను ప్రేమించినవారును లేకపోలేదు. భోజనము, ప్రతి కుర్చీకి ఒక తెర, అతిథి మర్యాద — వీనికి అలవాటుపడి తరచుగ తిరిగినవారు కింగ్ క్లబ్ అను పద్దులో పాయింట్లు కూడబెట్టుకొనిరి. ఈ పాయింట్ల పద్ధతి 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ విరివిగ ప్రచారములోనికి తెచ్చినది. మైలు మైలుకు జమకట్టి ఆ జమతో మరియొక ప్రయాణ మిచ్చుట దీని మర్మము. సంస్థ ఆగినంతనే కింగ్ క్లబ్ జమ చిత్తుకాగితమైనది. దీనికి తలక్రిందుగ, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోగా దాని పాయింట్ల పద్దు వేరు కంపెనీదగుటచే మరియొక పేరుతో బ్రదికినది. మనిషి పోయి అతని బాకీ చిట్టా మిగిలినట్లు!

కాబట్టి ప్రయాణికుల దుఃఖమంతయు పాయింట్లు పోయిన దుఃఖమే యనువారికి 2024 నవంబరు ఉదాహరణము చూపవలెను. 2015 జనవరిలో మొదలైన విస్తార 11వ తేదీ రాత్రితో ఆఖరయి, మరునాడు ఎయిర్ ఇండియాలో కలిసినది. పేరు సంస్కృతము; మన విస్తరికి చుట్టము. జమయైన పాయింట్లు కొత్త పద్దులోనికి మారినవి. విమానములు అవే, సిబ్బంది వారే. నష్టపడినవాడెవడును లేడు. అయినను ఆఖరి దినమున తరచు ప్రయాణికులు పనిగట్టుకొని ఎక్కిరి, సిబ్బందితో బొమ్మలు దింపించుకొనిరి, కంట తడిపెట్టిరి. అమెరికాలో 2001 డిసెంబరున టి.డబ్ల్యు.ఏ. చివరి విమానము దిగినప్పుడును జనము ఇట్లే చేసిరి. సొమ్ము కొరకైన ఏడుపు కాదది.

వంశవృక్షము చూచిన మరియొక ముచ్చట. దక్కన్ ఎయిర్‌వేస్ కలిసిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో ఎయిర్ ఇండియాతో ఏకమై, 2011లో తన ఐ.సి. అను సంకేతాక్షరములను సైతము విడిచినది. ఆ ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న తిరిగి టాటాల చేతికి వచ్చినది. 1945లో నిజాం రైల్వేతో టాటాలు కలిసి పెంచిన కొమ్మ ఇన్ని చేతులు తిరిగి ఆ యింటికే చేరినది. దానిమీద ఏ పేరుండెనో ఇంటివారికే జ్ఞాపకమున్నదో లేదో. గోపీనాథ్ 2017 డిసెంబరులో దక్కన్ పేరును మూడవమారు చిన్న విమానములపై ఎగురవేసెను. 2020లో మహమ్మారి వచ్చి దానిని నిలిపివేసినది.

బేగంపేటనుండి సాధారణ ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో శంషాబాదుకు తరలినవి. కలబురగికి 2019లో విమానాశ్రయము వచ్చినది. రాయచూరు కొరకు యెరమరసు వద్ద పని మొదలిడిరి. అచ్చట దిగబోవు మొదటి విమానము ఏ పేరుతో వచ్చునో తెలియదు. అంతలోపల మన యిండ్లలో వెదకదగిన వస్తువులు కొన్ని కలవు: దక్కన్ ఎయిర్‌వేస్ టిక్కెట్టు తునక, బేగంపేటలో దింపిన బొమ్మ, వాడిలో రైలు మారిన తాతగారి ఉత్తరము, విజయవాడకు ఎగిరిన ఎయిర్ దక్కన్ చీటి. ఇవి పెట్టె అడుగున దొరకినచో చెదలకు విడువక సంఘము వారికి చూపవలెనని మా ప్రార్థన. ఒక ప్రతి తీసికొని మూలము తిరిగి ఇచ్చివేయుదుము.