గుండెలోని కాలువలు: ఒక ఛాతీనొప్పి చరిత్ర

నరసాపురం ప్రాంతపు విద్యార్థులకు కాలువల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత గోదావరి నీరు పెద్ద కాలువ నుండి పిల్లకాలువకు, అక్కడ నుండి బోదెకు చేరి చేలను తడుపుతున్నది. బోదె పూడిపోతే నీరు మడి నుండి మడికి పారుతూ ఆలస్యంగా చేరుతుంది. మన గుండెలోనూ ఇటువంటి ఏర్పాటు ఉన్నది. అందులో ప్రవహించేది నీరు కాదు, విద్యుత్ ప్రేరణ.

ఈ కాలువల పటం ఒక్కరోజున తయారు కాలేదు. పై గదులైన కర్ణికలను, కింది గదులైన జఠరికలను కలిపే సన్నని కండరపు కట్టను 1893లో జర్మనీలో విల్హెల్మ్ హిస్ వర్ణించినాడు. జపాను దేశస్థుడైన సునావో తవారా మార్‌బర్గ్‌లో పరిశోధన చేసి, ఆ కట్టకు పైన ఒక కణుపు ఉన్నదనీ, కింద అది కుడి ఎడమ శాఖలుగా చీలుతుందనీ 1906లో చూపినాడు. మరుసటి సంవత్సరం కీత్, ఫ్లాక్ అనేవారు ప్రేరణ పుట్టే చోటును కనుగొన్నారు. అదే కాలంలో ఐంథోవెన్ నిర్మించిన పరికరం గుండె విద్యుత్తును కాగితం మీద గీతగా చూపింది. ఇందుకు ఆయనకు 1924లో నోబెల్ బహుమతి లభించింది.

మామూలుగా ప్రేరణ రెండు జఠరికలలోనూ సుమారు 0.1 సెకనులోపు వ్యాపిస్తుంది. ఎడమ శాఖ పూర్తిగా మూసుకుపోతే అది కండరం నుండి కండరానికి పాకవలసి వస్తుంది. అప్పుడు 0.12 సెకను లేదా అంతకుమించి పడుతుంది. దీనినే ఎడమ శాఖావరోధం అంటారు.

చాలామందిలో ఈ అవరోధం నొప్పి కలిగించదు. కొద్దిమందిలో మాత్రం గుండె వేగం ఒక హద్దు దాటగానే అవరోధం ఏర్పడి, వెంటనే ఛాతీనొప్పి పుడుతుంది. అవరోధం తొలగగానే నొప్పీ పోతుంది. ఆంజియోగ్రామ్‌లో రక్తనాళాలు నిర్మలంగానే కనిపిస్తాయి. ఇటువంటి రోగులను గూర్చి 1976లోను, 1982లోను వైద్యపత్రికలలో వ్యాసాలు వెలువడినాయి. “నాళాలు బాగున్నవి” అనే మాటతో వీరి బాధ తీరదు. 2016లో అలెక్సీ ష్విల్కిన్, ఆయన సహచరులు చెదురుమదురుగా ఉన్న వృత్తాంతాలను ఒకచోట చేర్చి ఈ వ్యాధి లక్షణాలను విశదపరచినారు. గుండె గోడలు ఒక్కసారిగా ముడుచుకొనక ముందువెనుకలు కావడమే నొప్పికి కారణమని కొందరి అభిప్రాయం. అది ఇంకా రుజువు కాలేదు.

చికిత్స మాట చూద్దాం. మందులతో గుండె వేగాన్ని ఆ హద్దుకు లోపల ఉంచడం ఒక పద్ధతి. రెండవది పేస్‌మేకర్. శరీరంలో అమర్చిన మొదటి పేస్‌మేకర్‌ను 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో సెన్నింగ్ అనే శస్త్రవైద్యుడు ఆర్నె లార్సన్‌కు అమర్చినాడు. దానిని తయారు చేసినవాడు ఎల్మ్‌క్విస్ట్. ఆ పరికరం కొన్ని గంటలే పనిచేసింది. అయినా తరువాత అమర్చిన పరికరాల సాయంతో లార్సన్ 2001 వరకు జీవించినాడు.

చాలాకాలం పేస్‌మేకర్ తీగను కుడి జఠరికలోనే ఉంచేవారు. గుండె మందగించినవారి ప్రాణాలను అది నిలిపింది. కాని ప్రేరణ కాలువలో కాక చేనులో పుట్టినట్లయి, ఎడమ జఠరికకు ఆలస్యంగానే చేరేది. ఈ లోపాన్ని సరిదిద్దాలంటే తీగ కాలువనే అందుకోవాలి. శాశ్వతంగా హిస్ కట్టకే ప్రేరణ ఇచ్చే పద్ధతిని 2000లో ప్రమోద్ దేశ్‌ముఖ్ బృందం అమెరికాలో ప్రకటించింది. 2017లో చైనాకు చెందిన హువాంగ్ వైజియన్ బృందం తీగను జఠరికల నడిమి గోడలోనికి దించి, అవరోధానికి దిగువన ఎడమ శాఖను అందుకొన్నది. పూడిక దాటి కిందిబోదెకు నీరు పెట్టినట్లన్నమాట. ఇటువంటి ప్రేరణతో నొప్పి పోయిన రోగుల వృత్తాంతాలు కొన్ని ప్రకటితమైనాయి. అయితే వీరి సంఖ్య స్వల్పం. ఇది అందరికీ సరిపడే చికిత్స అని అప్పుడే తీర్మానించరాదు.

ఒక హెచ్చరిక అవసరం. ఛాతీనొప్పితో పాటు ఎడమ శాఖావరోధం కొత్తగా కనిపిస్తే అది గుండెపోటు కూడా కావచ్చును. కనుక ఛాతీనొప్పి వచ్చినవారు ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను. రక్తనాళాలలో దోషం లేదని తేలిన తరువాతనే విద్యుత్ మార్గాన్ని అనుమానించవలెను. ఆ వెతుకులాటలో వైద్యునికి దారి చూపుతున్నది తవారా 1906లో గీసిన పటమే.