మూడు నెలల చదువు - దాని కొలత

జూను నెలలో బడులు తెఱచినది మొదలు దసరా సెలవుల వఱకు గడచు కాలమును ఉపాధ్యాయులు మొదటి టరమని వాడుదురు. ఆ టరము ముగియగానే ఆఱు, ఏడు, ఎనిమిది తరగతుల బాలబాలికల చేతికి ప్రోగ్రెసు కార్డు వచ్చును. తండ్రి యందలి యంకెలను చూచి చేవ్రాలు చేయును. చదువు రానివాడైన వ్రేలిముద్ర వేయును. అంకె హెచ్చైనచో బిడ్డ తెలివిగలవాడు, తగ్గినచో మందమతి. విచారణ యింతటితో ముగియును. ఈ మూడు నెలలలో బిడ్డ యేమి నేర్వవలెనని మనము కోరితిమి? ఆ కొలత యెవరి ప్రయోజనమునకై పుట్టినది? ఈ ప్రశ్నలకు మన విద్యాచరిత్రము కొంత సమాధానము చెప్పగలదు గావున దానిని సంగ్రహముగ విచారింతము.

పూర్వపు వీధిబడులలో ఏడాది కొక తరగతి యను నియమము లేదు. 1822వ సంవత్సరమున మదరాసు గవర్నరగు మన్రో దేశవిద్యను గూర్చి విచారణ చేయింపగా, బళ్లారి కలెక్టరగు కాంబెలు 1823లో పంపిన నివేదిక మిక్కిలి వివరమైనది. ఇప్పటి అనంతపురపు సీమయు నాడు ఆ జిల్లాలోనిదే. అందు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు; 226 బడులలో తెలుగు, 235 బడులలో కన్నడము చెప్పుచుండిరి. పిల్లలు వయస్సునుబట్టిగాక వచ్చిన చదువునుబట్టి జట్లుగా నుండిరి. పైజట్టువాడు క్రిందిజట్టువానికి చెప్పుచు తన పాఠమును గట్టిపఱచుకొనుచుండెను. గుణింతము రానివానికి గుణింతమే చెప్పుదురు. వచ్చినవాడు ముందునకు పోవును. ఒకడు తప్పినాడనుమాట కట తావులేదు. ఈ పద్ధతినే ఆండ్రూ బెల్లు అను దొర చెన్నపట్టణమున చూచి, 1797లో ఇంగ్లండున గ్రంథరూపమున ప్రకటించెను.

ఇట్లనుటచే వీధిబడి నిర్దోషమని మా యభిప్రాయము గాదు. బాలురు పద్యములను పెక్కింటిని అర్థ మెఱుగక చిలుకలవలె వల్లించుచున్నారని కాంబెలే వ్రాసెను. జిల్లా యంతటను బడికి వచ్చు బాలికలు అఱువదిమంది. తొమ్మిది లక్షలకు మించిన జనులలో బడికి పోవువారు వేయింటికి సుమారు ఏడుగురు మాత్రమే. ఇందులకు దారిద్ర్యమే హేతువనియు, బిడ్డల లేత చేతులు పనికి వచ్చుటతోడనే తలిదండ్రులకు వారి సాయము కావలసి వచ్చుచున్నదనియు నతడు తెలిపెను. దోషము లిన్ని యున్నను ఒక్క గుణము స్మరణీయము. దసరా దినములలో పంతులు పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికి పోయి వారిచేత పద్యములు చదివించెడివాడు. గృహస్థులు పంతులునకు కానుకయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. అది యాచనవలె కనబడును గాని, తమ పిల్లలకు వచ్చిన చదువును ఊరివారు చెవులార వినుట కదియే సమయము. లెక్క యొప్పజెప్పువాడు గురువు, వినువారు గ్రామస్థులు.

తరువాత లెక్క యొప్పజెప్పవలసిన స్థలము మాఱెను. ఇంగ్లండున 1862లో రాబర్టు లో అను మంత్రి క్రొత్త నిబంధనల నేర్పఱచెను. పరీక్షాధికారి వచ్చి ప్రతి బాలుని చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూటియందు పరీక్షింపవలెను; ఒక్కొక్కదాన తప్పినకొలది బడికి వచ్చు ధనములో మూడవవంతు తగ్గును. ఫలితమేమి? పిల్లలు వాచకమును కంఠస్థముచేసి, చదువుచున్నట్లు నటింప నేర్చిరి. తానే పరీక్షాధికారియైన మాథ్యూ ఆర్నల్డు కవి చదువు యంత్రమువలె నగుచున్నదని యేటేట మొఱపెట్టెను. ఆ పద్ధతియే 1860వ దశకములో మదరాసు రాజధానికి దిగుమతి యయ్యెను. 1882నాటి హంటరు సంఘము ప్రాథమిక పాఠశాలల ధనసహాయము పరీక్షాఫలితములనుబట్టియే యుండవలెనని సిఫారసు చేసెను. 1904లో కర్జను ప్రభుత్వము దానిని త్రోసివేయు వఱకు మన పల్లెలలో ఒక్కొక్క బాలుడు పంతులునకు ఇన్ని యణాల వెల గలవాడయ్యెను. వెల తెచ్చువానికి శ్రద్ధ, తేనివానికి వెనుకబల్ల. ఇది పంతులు దుర్మార్గముగాదు, కొలత చేసిన కార్యము.

ధనము పోయినను భావము పోలేదు. తప్పినవానిని నిలుపుట గొప్ప క్రమశిక్షణ యని తలచిరి. 1929లో హార్టాగు సంఘము లెక్కించి చూడగా, 1922-23లో మొదటి తరగతిలో చేరిన నూఱుమందిలో 1925-26నాటికి నాలుగవ తరగతి చేరినవారు 18 మంది మాత్రమే. తక్కినవారిలో కొందఱు నిలిచిపోయిరి, పెక్కుమంది బడియే మానిరి. 1952-53నాటి ముదలియారు సంఘము అంకెలకు మాఱుగ గుర్తులతోడి శ్రేణులును, ప్రతి విద్యార్థికి పాఠశాలాచరిత్రపత్రమును ఉండవలెనని కోరెను. 2009నాటి విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి ముగియువఱకు ఎవరిని నిలుపరాదనియు, మూల్యాంకనము నిరంతరముగ జరుగవలెననియు శాసించెను. 2019లో దానిని సవరించి, ఐదు, ఎనిమిది తరగతులలో పరీక్ష జరుపవలెననియు, తప్పినవారికి అదనపు బోధన చేసి రెండు మాసములలో మఱల పరీక్షింపవలెననియు, అందును తప్పినవారిని నిలుపుట ఆయా ప్రభుత్వముల యిష్టమనియు నిర్ణయించిరి.

నిలిపిన చదువు వచ్చునా, నిలుపకున్న వచ్చునా యని నేడు వాదము. మాకు తోచినంతవఱకు ఈ రెండు పక్షములును అసలు ప్రశ్నను విడిచినవి. రోగికి పథ్యము చెప్పక, మంచముమీద నుంచవలెనా, దింపవలెనా యని తగవులాడినట్లున్నది. ఆఱవ తరగతి యొక గట్టు. అంతవఱకు బిడ్డ చదువుట నేర్చును. అటుపైన చదివి నేర్వవలెను. చరిత్ర, విజ్ఞానము, లెక్క యన్నియు పుస్తకపు వాక్యములగుండనే రావలెను. వాక్యము సాఫీగ చదువలేనివాడు లెక్కలో తప్పిన, వానికి భాగహారము రాక తప్పెనో, ప్రశ్నయే బోధపడక తప్పెనో అంకె చెప్పదు. నాట్లకును కలుపులకును పోయి నెలదినములు బడికి రాని బాలిక తప్పినను అదే యంకె. మూడు వ్యాధులకు ఒక్క పేరు పెట్టిన వైద్యుడేమి మందిచ్చును?

కావున టరమునుండి మనము కోరదగినది కొంచెమే గాని గట్టిదై యుండవలెను. జూనులోనే ఒక్కొక్కరి స్థితి నరయవలెను. చూడని పుట నొకదానిని చదివి తన మాటలలో చెప్పగలుగుట, చూచివ్రాయక ఒక జాబు వ్రాయగలుగుట, భిన్నములను నిత్యవ్యవహారమున వాడగలుగుట - ఈ మూడును దసరానాటికి ఎంతవఱకు వచ్చెనో చూడవలెను. బిడ్డను ప్రక్కవానితోగాక జూనునాటి తనతోనే పోల్చవలెను. కార్డునందు అంకెల ప్రక్కన ఉపాధ్యాయుడు తాను చేయదలచిన పనిని గూడ రెండు పంక్తులు వ్రాయవలెను.

విద్యలో పాదము గురువువలన, పాదము స్వబుద్ధివలన, పాదము తోడివారివలన, పాదము కాలక్రమమున వచ్చునని మన పెద్దలు చెప్పుదురు. మూడు నెలల పరీక్షలో నాలుగు పాదములును కనబడవలెనని పట్టుపట్టుట న్యాయముగాదు. కాని మొదటి పాదమునకు పూచీ మాది. ఉపాధ్యాయులమగు మేమా పూచీని వహింపక, కాలము తెచ్చునని యూరకుండుటయు న్యాయము గాదు. తలిదండ్రులారా! ఈ దసరాకు కార్డు చేతికి వచ్చినప్పుడు, నీ కెన్ని వచ్చినవని బిడ్డ నడుగుటకు ముందు, వీని కేమి రాలేదు, దానికై మీరేమి చేయుదురని మమ్మడుగుడు. ఆ ప్రశ్న బళ్లలో వినబడిననాడు పరీక్ష తన పనిని చేసినదగును.