సభకు చోటు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు జాబు వ్రాసినారు. ఆ జాబు చివర మరియొక మాట కూడ ఉన్నది. గ్రంథాలయమునకు వెనుక కట్టిన పెద్ద గదిని పెండ్లిండ్లకును ఇతర శుభకార్యములకును అద్దెకిచ్చినచో పుస్తకములు కొనుటకు సొమ్ము సమకూడునని కొందరు సభ్యులు అనుచున్నారట. అట్లు చేసినచో సాయంకాలపు సభలకు తావు లేకపోవునని మరికొందరు అడ్డు చెప్పుచున్నారట. పట్నములో నుండువాడవు, నీ యభిప్రాయమేమి అని వారు నన్నడిగిరి. రెండు కోరికలకును ఒక్క వ్యాసముతోనే బదులు చెప్పవచ్చునని నాకు తోచినది.

నేను కాపురముండునది హైదరాబాదు పాతబస్తీలోని సంతోష్‌నగరు. సైదాబాదు మీదుగా చాంద్రాయణగుట్ట వైపు పోవు ఈ త్రోవలో పెండ్లి మందిరములకు కొదువ లేదు. వీనిని హిందువులు, ముసల్మానులు అందరును ఫంక్షన్ హాళ్ళనియే పిలుతురు. మా వీధివారికి హాళ్ళ ఖాళీలను బట్టియే పంచాంగము తెలిసిపోవును. ఆషాఢమున ముహూర్తములుండవు, రంజాను నెలలో నిఖాలు అరుదు. ఆ రెండు కాలములును కలిసి వచ్చిన యేడు హాలు యజమానుల ముఖములు చూడవలసినదే. మాఘము వచ్చెనా, ఒకే రోజునకు పదిమంది పోటీ.

ఒకసారి మా బావగారి కుమార్తె పెండ్లికి మందిరము కుదుర్చుటకు ఆయనతో కలిసి నేనును తిరిగితిని. పోయిన ప్రతిచోట గుమాస్తా పొడుగాటి పద్దుపుస్తకము తీసి, "తేదీ చెప్పండి" అనును. తేదీ కుదిరిన పిమ్మట "ఎందరు వత్తురు?" అనును. మా బావగారు గోడలకు వేసిన రంగులు, వేదికమీది సింహాసనములు చూచుచుండిరి. నేను నీటి తొట్టి ఎక్కడ, వంటశాలకు వేరుగా దారి ఉన్నదా, మోకాళ్ళ నొప్పులున్న ముసలివారు ఎన్ని మెట్లెక్కవలెను, కరెంటు పోయినచో గతియేమి, మందిరమును ఎన్ని గంటలకు మా చేతికిత్తురు, ఎన్ని గంటలకు ఖాళీ చేయవలెను అని అడుగుచుంటిని. అడ్వాన్సునకు రశీదు వ్రాయించుకొని, కార్యము తప్పిపోయినచో ఎంత తిరిగి యిత్తురో ఆ రశీదు మీదనే వేయించితిని. ఇవన్నియు చిల్లర ప్రశ్నలని మా బావగారు విసుగుకొనిరి. భోజనముల వేళకు నీరు చాలనప్పుడు సింహాసనములవలన ప్రయోజనమేమి?

అయినను ఆనాడు ఆ గుమాస్తా పద్దుపుస్తకము చూచుచుండగా నా మనస్సు వేరొక పుస్తకము మీదికి పోయినది. అది మాడపాటి హనుమంతరావుగారి 'తెలంగాణాలో ఆంధ్రోద్యమము'. నూరేండ్ల క్రిందట ఈ నగరములోనే తెనుగువారు కూర్చుండి నాలుగు మాటలు మాటలాడుకొనుటకు తావు వెదకికొనవలసి వచ్చినది. వారికి సొమ్ము లేక కాదు. నేడు అడ్వాన్సు రశీదుతో తీరిపోవు పని నాడు ఒక ఉద్యమమునకు సరిపడు పనియైనది.

మొదటి తావు ఒక గృహస్థుని ఇల్లు. 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి యింట పుట్టినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారును దానికి అండగా నిలిచిరి. ఆ భాషానిలయము పిదప సుల్తాను బజారులో సొంత భవనము కట్టుకొన్నది. ఈ సుల్తాను బజారు మాట కొంత వివరింపవలెను. మూసీకి ఉత్తరపు ఒడ్డున బ్రిటిషు రెసిడెంటు నివాసమును దాని చుట్టును పెరిగిన బజారులును ఉండెడివి. నగరమంతయు నిజాము ఏలుబడిలో నున్నను, ఆ బజారులలో పోలీసును న్యాయస్థానమును రెసిడెంటువారివి. 1933లో గాని ఆ బజారులు తిరిగి నిజాము ప్రభుత్వమునకు దక్కలేదు. కావున నది కీవల నుండి ఆవలకు పోయినవాడు ఒక చట్టమునుండి మరియొక చట్టములోనికి అడుగుపెట్టినట్లే. నాటి సభల వారికి వీధి ఏది అను ప్రశ్న, గోడల రంగు ఏది అనునంత తేలికది కాదు.

ఇక 1921 నాటి సంగతి. ఆ సంవత్సరము నవంబరు 11, 12 తేదీలలో సంఘసంస్కార మహాసభ వివేకవర్ధని నాటకశాలలో జరిగినది. స్త్రీవిద్యకై పాటుపడిన ధోండో కేశవ కర్వేగారు అధ్యక్షులు. ఉపన్యాసములు ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలలో సాగినవి. న్యాయవాదియైన అల్లంపల్లి వెంకట రామారావుగారు లేచి తెనుగున మాటలాడ నారంభింపగానే సభలో కొందరు చప్పట్లు చరచి, కేకలు వేసి ఆయనను మాటలాడనీయలేదు. మందిరము తెరచియే యున్నది, ఆయనకు ఆహ్వానమును ఉన్నది, వేదికయు ఎక్కినాడు. అయినను ఆయన భాషకు అక్కడ చోటు లేకపోయినది. తెనుగువారు కొందరు బయటికి వచ్చి టేకుమాల రంగారావుగారి యింట కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. భాషానిలయము వలెనే ఈ సంఘమును ఒకరి యింటి వసారాలోనే కన్ను తెరచినది.

ఇంటిలో పదిమంది కూర్చుండవచ్చును. నూరుగురు కూర్చుండవలెనన్నచో? 1920 దశకములో ప్రభుత్వము సభలపై ఆంక్షలు బిగించినది. 'గస్తీ నిషాన్ 53' అను పేరు ఆనాటి పెద్దల నోట తరచు వినబడెడిది. తిర్పన్ అనగా ఏబదిమూడు. సభ జరుపుటకు ముందుగా అధికారుల అనుమతి పొందవలెనని దాని సారము. పరిపాలన అంతయు ఉర్దూలో నుండుటచే, తెనుగు సభకు తావు కావలెనన్నను కాగితము ఉర్దూలో కదలవలసినదే. రాజకీయ సభల మాట చెప్పనక్కరలేదు. హైదరాబాదు సంస్థాన రాజకీయ సభ మొదట 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ సందర్భమున జరిగినది. పిదప 1926లో బొంబాయిలో, 1928లో పూనాలో, 1931లో అకోలాలో. నాలుగింటిలో ఒక్కటియు సంస్థానపు గడ్డమీద కాదు. తన యింటి సంగతి చెప్పుకొనుటకు పొరుగువాని పంచకు పోవలసిన దుర్గతి అది. 1938లో స్టేటు కాంగ్రెసు పుట్టకమునుపే నిషేధింపబడినది.

అందుచేత జనసంఘమువారు భాష, విద్య, గ్రంథాలయములు, వర్తకుల కష్టములు, వెట్టిచాకిరి అను విషయములు చేపట్టి జిల్లాలకు మరలిరి. గ్రంథాలయ మహాసభలు 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును జరిగినవి. గ్రంథాలయమునకు సభ్యులైన మన చదువరులు ఈ రెండూళ్ళ పేర్లు గుర్తుంచుకొనవలెను.

ఆంధ్ర మహాసభ ఎంచుకొన్న ఊళ్ళ వరుస నాకు మిక్కిలి ఆసక్తికరముగా తోచును. మొదటి సభ 1930 మార్చిలో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగినది. దానితోపాటు మహిళాసభయు నడచినది. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. 1931లో దేవరకొండ, బూర్గుల రామకృష్ణారావుగారు అధ్యక్షులు. 1934లో ఖమ్మము, 1935లో సిరిసిల్ల, 1936లో షాద్‌నగరు, 1937లో నిజామాబాదు. ఊరి ఎంపికకు రైలు సౌకర్యమే ముఖ్యమనుకొందుము. ఖమ్మము, షాద్‌నగరు, నిజామాబాదులకు రైలు కలదు గాని, జోగిపేటకును దేవరకొండకును సిరిసిల్లకును రైలెక్కడిది? ఆ త్రోవల ప్రయాణమనగా బస్సు దొరికిన బస్సు, లేనిచో ఎడ్లబండి. అయినను అక్కడికి పోయిరన్నచో, ఆ ఊళ్ళలో బాధ్యత నెత్తికెత్తుకొను నలుగురు పెద్దలుండిరని నా నమ్మకము. పందిరి వేయించుటకు తోటవాడు తాటాకులు ఇయ్యవలెను, కోమటి బియ్యమియ్యవలెను, వకీలు అనుమతి కాగితము వెంట తిరుగవలెను. మందిరము లేనిచోట మనుష్యులే మందిరము. 1940లో మల్కాపురము, 1941లో చిలుకూరు వచ్చుసరికి సభ కసబాలను దాటి పల్లెలలోనికే దిగినది. సభకు వచ్చువారును మారిరి: వకీళ్ళు తగ్గి రైతులు పెరిగిరి. 1944 భువనగిరి సభనాటికి మహాసభయే రెండుగా చీలినది. ఆ కథ పెద్దది, ఇక్కడ ఇమడదు.

ఎట్టకేలకు 1943లో మహాసభ హైదరాబాదు నగరములోనే జరిగినది. ఆ సందర్భముననే మే 26వ తేదీన రెడ్డి హాస్టలులో ఆంధ్ర సారస్వత పరిషత్తు స్థాపింపబడినది. ఆ వసతిగృహము 1918లో రాజబహదూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసినది. ఆయన ఆ పిమ్మట నగరమునకు కొత్వాలై చాలకాలము పనిచేసిరి. సభలపై కన్ను వేయవలసిన పదవిలో నున్నవాని పూనికతో ఏర్పడిన ఆవరణలో తెనుగు పరిషత్తు పుట్టుట కాలపు వింతలలో నొకటి. ఆ పరిషత్తే 1953 జనవరిలో అలంపురములో సభ జరిపినది. అక్కడ గడియారము రామకృష్ణశర్మగారు పూనుకొనిరి; ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు విచ్చేసిరి. తుంగభద్రకు ఈవల అలంపురము, ఆవల కర్నూలు. అప్పటికి ఆ రెంటికిని నడుమ రెండు రాష్ట్రముల సరిహద్దు. రెండు వైపులవారును సులువుగా వచ్చి కూర్చుండదగిన చోటు చూచి సభ పెట్టుట యెట్లో ఈ సభను చూచి నేర్చుకొనవలెను.

చోటు ప్రశ్నకు మరియొక ముఖము కలదు. అది మనకంత గౌరవమైనది కాదు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగినది. హైదరాబాదునుండి పోయిన భాగ్యరెడ్డి వర్మగారు అధ్యక్షత వహించి, పంచములను మాటను త్రోసివేసి ఆది ఆంధ్రులను పేరు నిలబెట్టిరి. అనుమతి కాగితము లేక సభ ఆగుట వేరు, అనుమతి యున్నను సాటివాడు చాప మీద కూర్చుండనీయకపోవుట వేరు. మొదటిది సర్కారు చేసిన తప్పు. రెండవది మనము చేసినది.

ప్రభువుల మందిరములకు లోటు లేదు. 1911లో గద్దె నెక్కిన ఏడవ నిజాము 1937లో జరుపుకొన్న రజతోత్సవమునకు గుర్తుగా పబ్లిక్ గార్డెన్సులో జూబిలీ హాలు వెలసినది. రవీంద్రుని శతజయంతి సందర్భమున 1961లో రవీంద్రభారతి తెరువబడినది. పరిషత్తు తిలక్ రోడ్డులో సొంత భవనము కట్టుకొని, రాష్ట్రవిభజన తరువాత తెలంగాణ సారస్వత పరిషత్తను పేరుతో సభలకు ఆశ్రయమిచ్చుచున్నది. టేకుమాలవారి యింట కూర్చున్న మాడపాటివారు 1951లో ఈ నగరమునకు మేయరైరి. దేవరకొండ సభాధ్యక్షులు 1952లో ముఖ్యమంత్రియైరి. ఒకనాడు చోటు అడిగినవారే పిదప చోటు చూపువారైరి.

ఇక కార్యదర్శిగారి ప్రశ్నకు వత్తును. గదిని అద్దెకిచ్చుటకు నేను విరోధిని కాను. చెదలు పట్టిన బీరువాలను చూచినవాడను. పుస్తకములు ఊరక రావు. పట్నములో హాలు కుదుర్చుకొనలేని పేదవాని కూతురి పెండ్లి మన గదిలో జరిగినచో గదికి వచ్చు లోపమేమియు లేదు. అయితే అద్దె పుస్తకము తెరచుటకు ముందే కొన్ని దినములు గీత గీసి పక్కకు తీసిపెట్టవలెను. ప్రతి శనివారము సాయంకాలమును, గ్రంథాలయ వారోత్సవములు జరుగు నవంబరు 14 మొదలు 20 వరకును, ఎంత అద్దె యిచ్చువాడు వచ్చినను ఆ గది సభకే. పరీక్షల నెలలో రాత్రివేళ పిల్లలకు చదువుకొను తావుగా ఉండవలెను. సభకు రుసుము వద్దు. దీపముల ఖర్చు మాత్రము తీసికొనుడు. పెండ్లివారు పెట్టు లౌడుస్పీకరు రాత్రి పదిగంటలకు ఆగవలెనని రశీదు మీదనే వ్రాయుడు. అది మన కట్టడి కాదు, 2000 సంవత్సరపు శబ్ద నిబంధనలలో ఉన్నదే.

మరియొకటి. దరఖాస్తు కాగితములో పేరు, తేదీ, పని, రాదలచినవారి సంఖ్య, ఈ నాలుగే అడుగుడు. కులము అడుగు గడి ఉండరాదు. ఏ పార్టీ సభయని అడుగు గడియు ఉండరాదు. ముందు వచ్చినవానికి ముందు. ఇద్దరు ఒకే రోజు కోరినచో, వెనుకటిసారి గది దొరకనివానికి ఇయ్యుడు. ఇందుకై ఎవరికి కాదన్నామో కూడ పుస్తకములో వ్రాసిపెట్టవలెను. ఏ పట్నపు హాలులోను అట్టి పద్దు నేను చూడలేదు. వచ్చినవారి లెక్క అందరును వ్రాయుదురు, త్రిప్పి పంపినవారి లెక్క ఎవరును వ్రాయరు.

రజతోత్సవమునకు నేను ఒకరోజు ముందుగనే వత్తును. ఆ గదికి వెనుకవైపు ఇంకొక తలుపు పెట్టించవలెనని అనుకొంటిరి గదా, పెట్టించితిరా? లేనిచో వడ్రంగి ఖర్చు నా పద్దున వేయుడు. పుస్తకములు చదువువారి నడుమనుండి వంటపాత్రలు మోసికొని పోకుండ ఉండును.