తరిగొప్పుల: ఊరి లెక్క ఎవరి చేతిలో?

2016 అక్టోబర్ 11, దసరా పండుగ. ఆ రోజు తెలంగాణలో ఒకేసారి 21 కొత్త జిల్లాలు పుట్టాయి. వాటిలో జనగామ ఒకటి. అదే రోజున నర్మెట్ట మండలం నుంచి విడివడి తరిగొప్పుల మండల కేంద్రమైంది. అంతకుముందు ఈ ఊరి రైతుకు మండలాఫీసు నర్మెట్టలో, జిల్లా కలెక్టర్ వరంగల్‌లో ఉండేవారు. పట్టా పాసుపుస్తకంలో ఒక అక్షరం తప్పు పడినా పని మానుకుని బస్సెక్కాల్సిందే. ఇప్పుడు తహసీల్దారు కచేరీ ఊళ్లోనే ఉంది.

జనగామకు జిల్లా హోదా ఊరికే రాలేదు. ఆ ఏడాది ఆగస్టులో ప్రభుత్వం విడుదల చేసిన ముసాయిదాలో 17 కొత్త జిల్లాలే ఉన్నాయి. జనగామ పేరు అందులో లేదు. పట్టణం బంద్‌లతో, రాస్తారోకోలతో నెలల తరబడి అట్టుడికింది. చివరికి గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లతో పాటు జనగామనూ చేర్చక తప్పలేదు. కలెక్టరేటు ఎక్కడ ఉంటుందన్నది ఒక ప్రాంతపు జనానికి ఎంత ప్రాణసమానమో ఆ ఉద్యమం చూపించింది.

ఇలాంటి పోరు ఇక్కడికే పరిమితం కాదు. 1889 జనవరిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో గ్రే కౌంటీ కేంద్రం సిమరాన్‌లో ఉండాలా, ఇంగల్స్‌లో ఉండాలా అన్న తగాదా తుపాకుల దాకా వెళ్లింది. ఇంగల్స్ వెనుక ఏసా సౌల్ అనే కోటీశ్వరుడు ఉన్నాడు. ఆ ఊరి తరఫున కొందరు సాయుధులు సిమరాన్ కచేరీపై పడి కౌంటీ దస్త్రాలను ఎత్తుకుపోయారు. కాల్పుల్లో సిమరాన్ మనిషి ఒకడు చనిపోయాడు. వాళ్లు ఖజానా కోసం రాలేదు. భూముల కాగితాలు, పన్నుల లెక్కలు ఎక్కడుంటే అధికారం అక్కడే ఉంటుందని తెలిసి వచ్చారు. నాలుగేళ్ల తర్వాత ఆ కేంద్రం మళ్లీ సిమరాన్‌కే దక్కింది.

జనగామ తాలూకా రైతుకు ఈ సంగతి వేరే దేశం చెప్పనక్కర్లేదు. నిజాం పాలనలో ఊరి అధికారం ముగ్గురి చేతుల్లో ఉండేది. శిస్తు వసూలు మాలీ పటేల్‌ది, నేరాలు, గొడవలు పోలీస్ పటేల్‌వి, లెక్కలు పట్వారీవి. మూడూ వంశపారంపర్యమే. సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ తెచ్చి తాలూకాలు, జిల్లాలు ఏర్పరచినా ఊళ్లోని ఈ ముగ్గురి పట్టు సడలలేదు. ఆ మార్పుతో శిస్తు వసూలు హక్కు పోగొట్టుకున్న దేశ్‌ముఖులు రుసుములతో పాటు వేల ఎకరాలను తమ పేర రాయించుకున్నారు. ఆ రాతకు కలం పట్వారీది. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు, ఎంత బాకీ ఉంది అన్నది పహాణీలో అతను ఏది రాస్తే అదే నిజం. దస్త్రం అతని ఇంట్లోనే ఉండేది. చదువు రాని రైతుకు తన పేరు అందులో ఉందో లేదో చూసుకునే దారే లేదు.

అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గడి ఈ తాలూకాలోదే. ఆయన కింద 40 వేల ఎకరాలు ఉండేవని తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట చరిత్ర రాసినవాళ్లు లెక్క చెప్పారు. ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న భూమిని కాజేయాలని దేశ్‌ముఖ్ మనుషులు వచ్చినప్పుడు ఆమె ఎదురు నిలిచింది, ఆంధ్ర మహాసభ (సంగం) అండతో పంటను ఇంటికి చేర్చుకుంది. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య ప్రాణం వదిలాడు. ఆ తర్వాత ఊరూరా జనం గడులపైకి నడిచారు.

ఆ ఉద్యమంలో ఒక సంగతి గమనించాలి. జనం చాలాచోట్ల ముందుగా చేసిన పని అప్పు పత్రాలను, పటేల్ పట్వారీల దస్త్రాలను కుప్పపోసి కాల్చడం. తమను బంధించింది ఆ కాగితమేనని వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ వెంటనే గ్రామ రాజ్య కమిటీలు ఏర్పడ్డాయి. వెట్టిని రద్దు చేశాయి, తగాదాలు తీర్చాయి, భూములు పంచాయి. సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచినట్టు పోరాట నాయకుల లెక్క. ఊరి పాలనను ఊరి జనమే చేతుల్లోకి తీసుకున్న ఘట్టం ఈ నేలమీద అదే. 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యంపై భారత సైన్యం పోలీసు చర్య జరిపింది. 1951లో పోరాట విరమణ జరిగింది. పంచిన భూముల్లో చాలా భాగం మళ్లీ పాత చేతుల్లోకి వెళ్లింది.

కొత్త ప్రభుత్వం 1949లో జాగీర్లు రద్దు చేసింది. 1950లో కౌలుదారీ చట్టం తెచ్చింది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఇప్పటికీ ఈ ప్రాంతపు చాలా భూమి కేసులకు తొలి ఆధారం. అయితే ఆ తర్వాత కూడా ఏటేటా పహాణీ రాసింది పట్వారీ కుటుంబాలే. దొరతనం పోయింది గానీ దస్త్రం కదల్లేదు.

ఎన్నికలు మాత్రం వచ్చాయి. 1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. దేశంలో రాజస్థాన్ తర్వాత ఇదే రెండోది. పంచాయతీ సమితి ప్రెసిడెంటు అన్న మాటకు ఊళ్లలో పెద్ద విలువ ఉండేది. బావులకు, బడులకు, రోడ్లకు డబ్బు సమితి నుంచే రావాలి. సర్పంచులుగా గెలిచింది మాత్రం చాలాచోట్ల పటేళ్లు, వాళ్ల బంధువులే. చేతిలో లెక్కల పుస్తకం ఉన్నవాడికి ఎదురు పోటీ చేయడానికి బక్క రైతు గుండె చాలేది కాదు.

ఈ పట్టును కదిలించింది ఎన్.టి.రామారావు ప్రభుత్వం. 1984 జనవరిలో ఆర్డినెన్సుతో పటేల్ పట్వారీ వ్యవస్థ ఒక్కసారిగా రద్దయింది. తరతరాల దస్త్రాలను తాలూకా కచేరీలకు అప్పగించాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే తాలూకాలు, సమితులు కూడా పోయి 1985లో మండలాలు వచ్చాయి. 1987లో మండల అధ్యక్షులను, జిల్లా పరిషత్ చైర్మన్లను జనం నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. తెలంగాణ పల్లెల్లో వెనకబడిన కులాల నాయకత్వం పైకి రావడానికి ఈ మూడేళ్లు చేసిన మేలు అంతా ఇంతా కాదు. 1994 చట్టం ఆ నేరు ఎన్నికను తీసేసి మండల ప్రాదేశిక సభ్యుల (ఎంపీటీసీల) చేత అధ్యక్షుణ్ని ఎన్నుకునే పద్ధతి పెట్టింది. అప్పటి నుంచి మండల రాజకీయం ఓటర్ల ముంగిట కంటే ఎంపీటీసీల శిబిరాల్లో ఎక్కువ నడుస్తోంది. అది వెనకడుగే.

2018 పంచాయతీరాజ్ చట్టం 500 జనాభా దాటిన తండాలకూ గూడేలకూ సొంత పంచాయతీ ఇచ్చింది. రాష్ట్రంలో పంచాయతీలు సుమారు 8,700 నుంచి 12,751కి పెరిగాయి. పదవుల్లో సగం మహిళలకు దక్కాయి. 2019లో తరిగొప్పుల మండల పరిషత్‌కు తొలి ఎన్నిక జరిగింది. 2018 చట్టమే సర్పంచును సస్పెండ్ చేసే అధికారం కలెక్టరుకు ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిస్తే 2025 డిసెంబర్ దాకా మళ్లీ పంచాయతీ ఎన్నికలు జరగలేదు. ఆ దాదాపు రెండేళ్లు ఊళ్లను నడిపింది ప్రత్యేకాధికారులే. ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి.

ఇక దస్త్రం సంగతి. పట్వారీ తర్వాత కాలక్రమంలో దాన్ని చూసుకోవడానికి గ్రామ రెవెన్యూ అధికారులు (వీఆర్వోలు) వచ్చారు. 2020 సెప్టెంబర్‌లో ఆ వ్యవస్థనూ రద్దు చేశారు. అక్టోబర్‌లో ధరణి అనే ఆన్‌లైన్ భూమి రికార్డుల పోర్టల్ వచ్చింది. తహసీల్దారుకే సాగు భూముల రిజిస్ట్రేషన్ అప్పగించారు. అమ్మకం, పట్టా మార్పిడి ఒకే కచేరీలో తేలడం రైతుకు మేలు చేసింది. పేరు తప్పు పడినవాళ్లకు, నిషేధిత జాబితాలో భూమి ఇరుక్కున్నవాళ్లకు మాత్రం మొరపెట్టుకోవడానికి ఊళ్లో మనిషి లేకుండా పోయాడు. 2025లో భూభారతి చట్టం వచ్చి ఊరికి మళ్లీ గ్రామ పాలనాధికారిని పంపింది.

దస్త్రాల కోసం తుపాకులు పేలిన ఆ గ్రే కౌంటీ జనాభా నేటికీ 6 వేల లోపే. అలాంటి కాన్సాస్ గ్రామీణ కౌంటీల్లో కమిషనర్లతో పాటు షెరీఫును, ఖజానాదారును, భూమి పత్రాలు నమోదు చేసే అధికారిని కూడా జనం ఓటేసి ఎన్నుకుంటారు. లెక్క తప్పితే వచ్చే ఎన్నికల్లో దించేస్తారు. తెలంగాణలో సర్పంచును ఎన్నుకునే ఓటరుకు తన భూమి లెక్క రాసేవారిపై ఏ అదుపూ లేదు. పట్వారీ వారసత్వంగా వచ్చాడు, వీఆర్వో నియామకంతో వచ్చాడు, ధరణి తెర మీద వచ్చింది. వీటిలో ఏదీ గ్రామసభకు జవాబుదారీ కాలేదు.

రికార్డు రాసే ఉద్యోగిని ఎన్నుకోవాలని ఎవరూ అడగడం లేదు. కావలసింది ఇంతే: ఏడాదికి ఒకసారి ఊరి పహాణీని సర్వే నంబరు వారీగా గ్రామసభలో చదివి వినిపించాలి. అభ్యంతరాలు అక్కడే రాసుకోవాలి. ఒక ప్రతి పంచాయతీ కార్యాలయంలో అందరికీ అందుబాటులో ఉంచాలి. 2025 డిసెంబర్‌లో గెలిచిన సర్పంచులు తరిగొప్పుల నుంచి పాలకుర్తి దాకా తమ తొలి గ్రామసభల్లోనే ఈ తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి.