కారులో అదనపు మీటర్లు: ఏవి పెట్టించాలి, ఎలా బిగించాలి

ఎండాకాలంలో మోకిల, శంకర్‌పల్లి వైపు నుంచి నార్సింగి మీదుగా నగరానికి వెళ్లే కార్లు ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో మెల్లగా కదలాల్సి వస్తుంది. ఇంజిన్ వేడెక్కేది ఎక్కువగా ఇలాంటప్పుడే. ఇప్పటి చాలా చిన్న కార్లలో వేడిని చూపే ముల్లు ఉండదు, ఎర్ర లైటు మాత్రమే ఉంటుంది. అది వెలిగేసరికి ఒక్కోసారి హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది. కిరాయికి తిప్పే బండి అయితే మరమ్మతు ఖర్చుతో పాటు షెడ్డులో ఉన్నన్ని రోజుల సంపాదన కూడా పోతుంది. అందుకే పాత కార్లవాళ్లు విడిగా మీటర్లు పెట్టించుకుంటారు.

ఏ మీటర్ ఏం చెబుతుంది?

హీట్ మీటర్: చాలా ఇంజిన్లలో 85 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మామూలే. ముల్లు రోజూ ఉండే చోటు దాటి పైకి పోతుంటే జాగ్రత్త పడాలి. నీళ్లు పూర్తిగా కారిపోతే సెన్సర్‌కు నీరు తగలక మీటర్ తక్కువ చూపవచ్చు. ముల్లు ఉన్నట్టుండి పడిపోయినా బండి ఆపాల్సిందే.

ఆయిల్ ప్రెషర్ మీటర్: ఇంజిన్ వేగం పెరిగితే ప్రెషర్ పెరగాలి. సున్నాకు పడిపోతే వెంటనే ఇంజిన్ ఆపాలి. ఇంకో కిలోమీటరు పోదాం అనుకుంటే ఇంజిన్ సీజ్ అవుతుంది.

వోల్ట్ మీటర్: ఇంజిన్ ఆపి ఉంటే సుమారు 12.6, నడుస్తుంటే 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. నడుస్తున్నప్పుడూ 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ చూపించుకోవాలి.

బిగించేటప్పుడు

ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే సెన్సర్ పని మొదలుపెట్టాలి. మీటర్‌కు కరెంటు తాళం తిప్పితేనే వచ్చే లైను నుంచి తీసుకుని, దానికి విడిగా చిన్న ఫ్యూజ్ పెట్టాలి. ఫ్యూజ్ లేని వైరు ఎక్కడైనా ఒరుసుకుపోతే కారుకే నిప్పు అంటుకోవచ్చు. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వచ్చే వైరును రబ్బరు గ్రోమెట్‌లోంచే తేవాలి.

ఒకే వైరున్న సెన్సర్ మర మీద టేపు మందంగా చుడితే ఎర్త్ సరిగా అందక మీటర్ తప్పు చూపుతుంది. వేడి ఆయిల్ గొట్టాన్ని కారు లోపలికి తెచ్చే మెకానికల్ మీటర్ కంటే ఎలక్ట్రిక్ మీటరే మేలు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట మీటర్ బిగించకూడదు. అది ఊడి మొహానికి తగిలే ప్రమాదం ఉంది.

వైరు కోయకుండా

2013 తర్వాత వచ్చిన కార్లలో సాధారణంగా ఓబీడీ పోర్టు ఉంటుంది. అందులో చిన్న అడాప్టర్ పెడితే ఇంజిన్ వేడి, వోల్టేజీ ఫోన్‌లోనే కనిపిస్తాయి. ఆయిల్ ప్రెషర్ మాత్రం చాలా కార్లలో ఇలా రాదు. వారంటీ ఉన్న కారైతే ఇదే మంచి దారి, ఎందుకంటే వైర్లు కోస్తే వారంటీకి చిక్కు రావచ్చు.

వేడి పెరిగితే

ఏసీ ఆపి, బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. రేడియేటర్ మూత వెంటనే తీయకూడదు, మరిగే నీరు ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. పూర్తిగా చల్లారాకే మూత తీసి నీళ్లు చూడాలి. మీటర్ హెచ్చరిక మాత్రమే చేస్తుంది, లీకు పట్టాల్సింది మెకానిక్కే.