బస్కీ నుంచి బార్‌బెల్ వరకు: తెలుగు వెయిట్‌లిఫ్టింగ్ సాధనలో స్క్వాట్ ఎంపిక

వ్యాససంగ్రహం: వెయిట్‌లిఫ్టింగ్‌కు ఏ స్క్వాట్ ఉపకరిస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఆ క్రీడ చరిత్రలోనే ఉంది. బరువును అందుకునే భంగిమ మారినప్పుడు సాధన కూడా మారవలసి వచ్చిందని తెలుగు క్రీడాకారుల ఉదాహరణలతో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బస్కీ, స్క్వాట్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్, కరణం మల్లీశ్వరి.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ తాలీంఖానాల్లోనూ కోస్తా వ్యాయామశాలల్లోనూ దండీలు, బస్కీలు దేహసాధనకు తొలిమెట్లు. బస్కీలో మోకాళ్లు ముందుకు సాగుతాయి. మడమలు నేలనుంచి లేస్తాయి. వందల సంఖ్యలో తీసే బస్కీలు మల్లుడికి దమ్మునిస్తాయి. భారీ బరువుతో లేచే శక్తిని మాత్రం అవి అంతగా పెంచవు. ఆ లోటును తీర్చేది బార్‌బెల్ స్క్వాట్.

2. పోటీ భంగిమలో మార్పు

‘నర్తనశాల’ (1963) చిత్రంలో భీముడిగా కనిపించిన దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న వెయిట్‌లిఫ్టర్. ఆనాడు ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే మూడు అంశాలలో పోటీ జరిగేది. ఒక కాలు ముందుకు, మరొకటి వెనక్కు చాపి బరువును అందుకునే స్ప్లిట్ పద్ధతి అప్పుడు విస్తృతంగా ఉండేది. తరువాతి రెండు దశాబ్దాలలో పూర్తిగా గొంతుకూర్చుని అందుకునే పద్ధతి దాని స్థానాన్ని ఆక్రమించింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత ప్రెస్ రద్దయింది. దానితో లోతునుంచి లేవగల కాళ్ల బలానికి ప్రాధాన్యం మరింత పెరిగింది.

3. ఎంపికకు ప్రమాణం

పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాటే పోటీ అంశం. అందువల్ల కడ్డీని వీపుపై కొంత కిందికి దించి, తుంటిని వెనక్కు నెట్టి, మొండెం ముందుకు వంచి ఎక్కువ బరువు ఎత్తడం అక్కడ సమంజసం. వెయిట్‌లిఫ్టర్‌కు స్క్వాట్ గమ్యం కాదు, సాధనం. క్లీన్‌లో కడ్డీ భుజాల ముందుభాగంపై నిలుస్తుంది. మొండెం వంగితే అది ముందుకు జారిపోతుంది. స్నాచ్‌లో కడ్డీ తలపై ఉంటుంది కనుక సమతౌల్యం మరింత సున్నితం. కాబట్టి ఫ్రంట్ స్క్వాట్ ఈ క్రీడకు అత్యంత సన్నిహితం. కడ్డీని మెడ మొదట భుజాలపై నిలిపి, నిటారుగా, పూర్తి లోతుకు దిగే బ్యాక్ స్క్వాట్ దానికి అదనపు బలాన్నిస్తుంది. ఎత్తు మడమల బూట్లు పాదం పూర్తిగా ఆనేలా చూస్తూనే మోకాళ్లు ముందుకు సాగడానికి వీలు కల్పిస్తాయి.

4. తెలుగు ఉదాహరణలు

స్టువర్టుపురానికి చెందిన రాగాల వెంకట రాహుల్ 2018 కామన్‌వెల్త్ క్రీడల 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187 కిలోలు ఎత్తి స్వర్ణం సాధించారు. ఈ 36 కిలోల వ్యత్యాసమే కాళ్లపై అధిక భారం పడేది క్లీన్‌లోనని సూచిస్తుంది.

మహిళల వెయిట్‌లిఫ్టింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లో చేరిన 2000 సిడ్నీ క్రీడలలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలతో కాంస్యం గెలిచారు. స్వర్ణ, రజత విజేతలిద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. 137.5 కిలోలకు ఆమె చేసిన చివరి ప్రయత్నం ఫలించలేదు. ఆ వైఫల్యానికి స్క్వాట్ ఒక్కటే కారణమనడం సరికాదు. అయితే పతకాల వరుసను 2.5 కిలోలు నిర్ణయించే క్రీడలో, పోటీకి బదిలీ కాని బలం ఎంత పెరిగినా ప్రయోజనం స్వల్పమే.

5. ఉపసంహారం

బస్కీ దమ్మును, ప్రెస్ యుగం భుజబలాన్ని కోరాయి. నేటి పోటీ నిటారు మొండెంతో లోతునుంచి లేచే బలాన్ని కోరుతున్నది. స్క్వాట్‌లో ఎత్తిన బరువొక్కటే కాక, అది క్లీన్‌లో ఎంత మేరకు ప్రతిఫలించిందన్నదే శిక్షకులకు కొలమానం కావాలి.