పిట్టల వేట నుండి చింతపల్లి దాకా

తుపాకుల చరిత్రలో నన్ను ఆపినవాడు సేనాని కాడు, ఒక చర్చి గురువు. స్కాట్లండులోని బెల్‌హెల్వీలో ఉన్న అలెగ్జాండర్ ఫోర్సైత్‌కు పిట్టల వేట వ్యసనం. చెకుముకి తుపాకిలో మీట నొక్కగానే పైమందు భగ్గుమనేది. గుండు వెలువడేలోగా పిట్ట ఎగిరిపోయేది. దెబ్బ తగిలితే పేలే మందుతో ఆ చిక్కును తొలగించి, 1807లో పేటెంటు పొందాడు. గురువుగారి విసుగు ఎంత దూరం వెళ్ళిందో!

తరువాత ఆ మందు చిన్న రాగి టోపీలోకి చేరింది. సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు పడమటి కొండల వేటగాళ్ళకు చేసిన బరువైన రైఫిళ్ళు ఆ పద్ధతివే. ఇక్కడ మా వెంబ్లీకి ఈశాన్యాన, ఎన్‌ఫీల్డు పేరు మోసిన 1853 నమూనా రైఫిలూ అంతే. 1857లో సిపాయిలు ముట్టనన్న కొవ్వు తూటాలు దానివే.

అమెరికా వేటగాడు దుకాణంలో కొనుక్కున్న వస్తువును, 1878 ఆయుధాల చట్టం వచ్చాక, భారతీయుడు లైసెన్సు లేనిదే ఇంట ఉంచుకోరాదు. ఐరోపావారికి మాత్రం మినహాయింపు! ఈ వివక్షను మన చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం తుపాకుల కోసం చింతపల్లి పోలీసు స్టేషన్‌కే వెళ్ళింది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి.